సుద్దముక్కతో రాసిన టైములు

"ఏడు నిమిషాలు లేటు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఎనిమిదేళ్ళ పోలీసు ఉద్యోగంలో నేను లేటుగా వెళ్ళింది నా పెళ్ళికి ఒక్కదానికే. వీడు ఎనిమిదింటికి రమ్మన్నాడు. వస్తూ వస్తూ రేవు టవర్ మీది గడియారం చూశాను. ఎనిమిదీ ఐదు చూపిస్తోంది. అంటే ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలుందన్నమాట.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళ కిందట ఎవరో రేవు అధికారి, కూలీలు ఆలస్యంగా వస్తున్నారని టవర్ గడియారాన్ని ఏడు నిమిషాలు ముందుకి పెట్టించాడు. కూలీలు వారం తిరక్కుండా ఆ ఏడూ తీసేసి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. అధికారి పోయాడు కానీ ఆ ఏడు నిమిషాలు పోలేదు. ఇక్కడ పిల్లలకు గడియారం చూడడం నేర్పినప్పుడే ఏడు తీసేయడం కూడా నేర్పేస్తారు. ఫెర్రీలూ, స్కూళ్ళూ, ప్రేమికులూ అందరూ ఏడు తీసేసే బతుకుతారు.

"మీ స్టేషన్ గోడ గడియారం పాడైంది. ముందు అది బాగు చేయించుకో," అన్నాను.

"అది కరెక్టే. పొద్దున్నే రేడియో పెట్టి చూసుకున్నాను. వయసు మీద పడితే ఇలాగే ఉంటుందిలెండి."

ఈ రేవు స్టేషన్ ఇన్‌స్పెక్టర్ చొక్కా మీద మడత పడగా ఎవరూ చూడలేదు, అందుకే ఊరంతా ఇస్త్రీ అంటుంది. ఐదేళ్ళు నా కింద పనిచేశాడు. నేను రిటైరై సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టాక, కనబడితే చాలు ఇలాగే ఓ మాట విసురుతాడు. నేనూ ఊరుకోను.

"ఏంటా రాత?"

"మీ గంట తాత వాంగ్మూలం. చిత్తు ప్రతి దిద్దుతున్నాను. సంతకం కూడా పెట్టేశాడు. ఫెయిర్ చేసి పదకొండింటికి కోర్టుకి తీసుకెళ్తాను. వాళ్ళమ్మాయి ఏడ్చి మొత్తుకుంది కాబట్టి మీకు పది నిమిషాలిస్తున్నాను."

ఏదో అచ్చేసిన కాగితానికి వెనకవైపు రాస్తున్నాడు. అలాంటి కాగితాలే పురికొసతో కట్టిన కట్ట ఒకటి మోచేతి పక్కనుంది. నా హయాంలోనూ చిత్తు రాతలకు వెనకవైపులే వాడేవాళ్ళం కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఇంకో రెండు గంటలు ఆ ముసలాయన లోపల కూర్చోవాల్సిన పనే ఉండేది కాదు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. మా నది మీద ఓడలు వచ్చినప్పుడు నడుమ భాగం పైకి లేచే పాత ఇనుప వంతెన ఉంది. ముప్పై ఐదేళ్ళుగా దాన్ని లేపేదీ దించేదీ గంట తాత. నిన్న సాయంత్రం ఐదింటికి సరుకు ఓడ కోసం వంతెన లేపాడు. దాని కింద తాళ్ళకు వేలాడే బల్ల మీద కూర్చుని ఒక పెయింటర్ దూలాలకు రంగు వేస్తున్నాడు. బల్ల తలకిందులైంది. పడవవాళ్ళు బయటికి తీసేసరికే ప్రాణం లేదు. ఆ పెయింటర్ గంట తాతకు సొంత అల్లుడు. అంతకు ముందురోజే మామా అల్లుళ్ళు వంతెన మీద నలుగురూ చూస్తుండగా కేకలేసుకున్నారు.

ఇవాళ ఆరింటికల్లా తాత కూతురు నా గుమ్మంలో ఉంది. గడియారాలు బాగుచేస్తుంది ఆ పిల్ల. "మా నాన్నే మా ఆయన్ని చంపాడంటున్నారు, నాన్న కూడా అవునంటున్నాడు. నేనెవర్ని నమ్మాలి పిన్నీ?" అంది. నేను దానికి పిన్నినీ కాదు, ఎవరినీ కాదు. "మీరు ఏది చెబితే అది నమ్ముతాను. కానీ నిజం ఏదైనా ముందు నాకే చెప్పాలి. ఎంత పాడు నిజమైనా సరే." సరేనని మాటిచ్చాను. ఆ క్షణంలో నాలుక కరుచుకోవాల్సింది.

గంట తాత లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకూ నాకూ ఆరేళ్ళే తేడా అయినా ఊరంతా పిలిచినట్టు నేనూ తాతా అనే పిలుస్తాను. కుడి అరచేత్తో ఎడమ మణికట్టు మూసి పట్టుకున్నాడు. కింద చేతి గడియారం పట్టీ కనిపించింది.

"అది తీసుకోలేదా?" అని కానిస్టేబుల్‌ని అడిగాను.

"ఇవ్వనని గోల పెట్టాడు మేడమ్. కూతురు ఇచ్చిందట. ఇన్‌స్పెక్టర్ గారే పోనీలే అన్నారు."

నేను ఊచల ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"గంట ఎన్నింటికి కొట్టావు తాతా?"

"నాలుగూ యాభై ఎనిమిదికి. మూడుసార్లు."

"గేట్లు?"

"అంతకు ముందే వేశాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచి చూశాను. పైన ఎవరూ లేరు."

"కింద?"

"మా అల్లుడున్నాడు."

"నీకు తెలుసా?"

"తెలిసే లేపాను." అడగడం పూర్తికాకముందే వచ్చింది జవాబు. చిన్నపిల్లలు పద్యం అప్పజెప్పినట్టుంది.

"మేకుకి బిళ్ళ ఉందా?"

దీనికి మాత్రం తడబడ్డాడు. వంతెన పనివాళ్ళ పద్ధతి ఒకటుంది. కిందికి దిగే ప్రతివాడూ తన నంబరున్న రేకు బిళ్ళను తాత గదిలో మేకుకి తగిలించి దిగాలి. మేకుకి బిళ్ళ వేలాడుతున్నంతసేపూ ఎంత పెద్ద ఓడ వచ్చి కూత పెట్టినా తాత మీట ముట్టుకోడు. ముప్పై ఐదేళ్ళలో ఆ పద్ధతి తప్పలేదు.

"ఉంది. తీసి నదిలో పారేశాను."

"ఎందుకు చంపావు?"

"మొన్న నలుగురిలో నన్ను గుడ్డోడన్నాడు. కళ్ళజోడన్నా మార్చుకో, లేకపోతే ఉద్యోగమన్నా మానెయ్ అన్నాడు. రోషం వచ్చింది. ఇంకేం అడుగుతావమ్మా, రాసుకున్నారుగా."

"నీ కూతురు బతుకు నాశనం చేసేంత రోషమా?"

ఆయన ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. ఊచల దగ్గరికి జరిగి చాలా నెమ్మదిగా అన్నాడు: "నాకో ఉపకారం చెయ్యమ్మా. ఆ పిల్లని ఎక్కడికైనా పంపించెయ్. వాళ్ళ మేనత్త ఊరికి పంపినా సరే. వంతెన వైపు రానివ్వొద్దు. టవర్ వైపు అసలు వెళ్ళనివ్వొద్దు."

హత్య చేసినవాడు తన గురించి భయపడతాడు. ఈయన భయమంతా కూతురి చుట్టూ తిరుగుతోంది. పైగా కూతురు వంతెన చూడకూడదంటే అర్థం ఉంది, టవర్ ఏం చేసింది? అడిగాను. ఆయన కుడి అరచెయ్యి గడియారం మీద ఇంకాస్త బిగుసుకుంది.

వంతెన దగ్గరికి నాతోపాటు ఇస్త్రీ కూడా కానిస్టేబుల్‌ని వెంటేసుకుని బయల్దేరాడు. నేను ఒక్కదాన్నే వెళ్తే సాక్ష్యాలు మాయం చేస్తానని కాబోలు. దారిలో రేవు మెట్ల దగ్గర పెద్ద గొడవ జరుగుతోంది. ఒక లావుపాటి నర్సమ్మ ఫెర్రీ నడిపేవాణ్ణి పట్టుకుని దులిపేస్తోంది.

"టైము కాకుండానే ఎలా వదిలేస్తావు? నిన్న సాయంత్రం కూడా ఇంతే. ఇవాళ నా డ్యూటీ పోయింది."

"నా ఫెర్రీ నా వాచీ ప్రకారమే కదిలిందమ్మా. నువ్వే ఆలస్యం."

"నేను పుట్టినప్పట్నుంచీ ఈ మెట్లు దిగుతున్నాను. నాకు చెబుతావా టైము?"

ఇస్త్రీ నవ్వుకుంటూ దాటిపోయాడు. నేనూ దాటిపోయాను. నా బుర్రకి ఇంకా వెలగలేదు.

వంతెన కిందికి ఇనుప నిచ్చెన మీద దిగాలి. నా మోకాళ్ళతో దిగడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. పాతికేళ్ళ కానిస్టేబుల్‌ని ఒకసారి ఎక్కి దిగమని టైము చూశాను. ఎక్కడానికి నాలుగు నిమిషాలకు పది సెకన్లు తక్కువ. గంట కొట్టడానికీ వంతెన లేవడానికీ మధ్య ఉండేది రెండే నిమిషాలు. అంటే గంట విన్నాక ఎక్కడం మొదలుపెడితే ఎంతటివాడైనా చేరలేడు. పదేళ్ళుగా ఈ పనే చేస్తున్నవాడికి అది తెలియకుండా ఉండదు. గంటకు ముందే పైకి చేరాల్సినవాడు, గంట మోగేసరికి ఇంకా కిందెందుకు ఉన్నాడు?

బల్ల ఒకవైపు తాడుకి వేలాడుతోంది. దాని పక్కన దూలానికి కొక్కెం, కొక్కేనికి అతని సంచి. సంచిలో అన్నం డబ్బా, తలకు చుట్టుకునే గుడ్డ, రెండు సుద్దముక్కలు ఉన్నాయి. అడుగున చేతికి రేకు బిళ్ళ తగిలింది. నంబరు పద్నాలుగు.

"ఇదేంటి?" అని ఇస్త్రీ ముఖం ముందు పెట్టాను. "నదిలో పారేశానన్న బిళ్ళ సంచిలోకి ఈదుకుంటూ వచ్చిందా?"

"తాతే తర్వాత పెట్టుంటాడు."

"కళ్ళు సరిగా కనబడవని నువ్వే కేసులో రాశావు. ఆ కళ్ళతో, అరవై నాలుగేళ్ళ మోకాళ్ళతో, జనం మూగి ఉండగా ఈ నిచ్చెన దిగి బిళ్ళ పెట్టి వెళ్ళాడా? అల్లుడు అసలు బిళ్ళ తగిలించనే లేదు. కింద మనిషున్నట్టు తాతకి తెలియదు."

"మేడమ్, తెలిసే లేపానని ఆయనే అంటుంటే తెలియదని మీరు అంటారేంటి? ఒప్పుకున్నవాణ్ణి బలవంతంగా విడిపించడానికి నాకేమైనా పిచ్చా?"

"అబద్ధం ఆడి మరీ జైలుకి పోతానంటున్నాడంటే ఎందుకో కనుక్కోవాలా వద్దా?"

"నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పదకొండుకి కోర్టు. కనుక్కోవడాలు మీరు తీరిగ్గా చేసుకోండి," అని చొక్కా అంచులు లాగి సరిచేసుకున్నాడు. ఉద్యోగంలో ఉండగానే వీడికి నాలుగు తగిలించి ఉండాల్సింది అనిపించింది.

కానీ వాడన్నదాంట్లో ఒకటి నిజం. బిళ్ళ ఒక్కటే చాలదు. తాత తన మాట తాను వెనక్కి తీసుకోకపోతే ఏ జడ్జీ నా బిళ్ళను లెక్కచేయడు. ఆయన దేన్ని దాస్తున్నాడో తెలియాలి. నేను బల్లకు ఎదురుగా ఉన్న దూలం మీద టార్చి వేశాను.

దూలం పొడుగునా ఇనుప పలకలు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. కొత్త రంగు వేసిన ప్రతి పలక పక్కనా సుద్దతో అంకెలు రాసి ఉన్నాయి. రంగు పనిలో ఇదొక పద్ధతి. మొదటి కోటు ఎన్నింటికి మొదలుపెట్టాడో రాసుకుంటే రెండో కోటు ఎప్పుడు వేయాలో తెలుస్తుంది. రంగూ టర్పెంటైనూ పడి పాడవుతాయని పెయింటర్లు చేతికి గడియారం పెట్టుకోరు. గడియారాలు బాగుచేసే ఆమె మొగుడై ఉండి ఇతనూ పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. బల్ల మీద కూర్చుని తల తిప్పితే, రెండు దూలాల సందులోంచి నది మీదుగా టవర్ గడియారం ఎదురుగా కనిపిస్తుంది.

నిన్నటి మధ్యాహ్నం అంకెలు చదివాను. 3-15. తర్వాతి పలక 3-30. ఆపైన 3-45, 4-00. పలకకు సరిగ్గా పదిహేను నిమిషాలు. ఎంత నిలకడైన చెయ్యి, అనుకున్నాను. తర్వాతి పలక దగ్గర టార్చి ఆగిపోయింది.

4-08.

దాని తర్వాత 4-23. ఆఖరిది 4-38, ఆ పలకలో కింది మూల బెత్తెడు మేర రంగు పడలేదు.

పదిహేను, పదిహేను, పదిహేను, ఉన్నట్టుండి ఎనిమిది, మళ్ళీ పదిహేను, పదిహేను. నాలుగు గంటల పలకను మాత్రం ఎనిమిది నిమిషాల్లో ఎలా ముగించాడు? పరుగు పెట్టిన పనిలా లేదు. ఎక్కడా చార లేదు, బొట్టు కారలేదు. మిగతా పలకలకీ దానికీ తేడా లేదు.

మనిషి తొందరపడలేదు. అయితే ఏడు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఏడు అన్న మాట మనసులో అనుకోగానే దూలాల సందులోంచి టవర్ వైపు చూశాను.

"కానిస్టేబుల్, నీ వాచీలో టైమెంత?"

"తొమ్మిదీ పద్నాలుగు మేడమ్."

టవర్ మీద తొమ్మిదీ పద్నాలుగు.

స్టేషన్ గోడ గడియారం పాడవలేదు. నర్సమ్మ ఫెర్రీ ముందు కదల్లేదు. నేను ఎనిమిదింటికి నిజంగానే ఏడు నిమిషాలు లేటు. ఎవరో ఆ గడియారాన్ని సరైన టైముకి మార్చారు, అదీ నిన్న నాలుగూ నాలుగుంబావు మధ్య. అది తెలియని తాత అల్లుడు అందరిలాగే ఏడు తీసేసి చూసుకున్నాడు. ఆఖరి పలక నాలుగూ ముప్పై ఎనిమిదికి మొదలుపెట్టాననుకున్నాడు, నిజానికి అప్పటికి నాలుగూ నలభై ఐదు అయింది. ఇంకో రెండు నిమిషాల్లో పలక అయిపోతుంది, నాలుగు నిమిషాల్లో పైకెక్కేస్తాను, గంటకి ఇంకా వ్యవధి ఉంది అనుకుంటూ బ్రష్షు ఆడిస్తుంటే నెత్తిమీద గంట మోగింది.

టవర్ గడియారం ఎవరు మార్చారో అడిగి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. నెల రోజులుగా దాన్ని బాగుచేస్తున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. టవర్ వైపు వెళ్ళనివ్వొద్దని ముసలాయన ఎందుకు బతిమాలాడో కూడా తెలిసిపోయింది. ప్రమాదం అంటే విచారణ జరుగుతుంది. పదేళ్ళ అనుభవమున్నవాడు టైము ఎలా తప్పాడని అడుగుతారు. హత్య అని తనే ఒప్పేసుకుంటే ఇక ఎవరూ ఏమీ అడగరు.

"ఏమైంది మేడమ్, అలా అయిపోయారు?" అన్నాడు ఇస్త్రీ.

"కాళ్ళు నొప్పి," అన్నాను. ముందు చెప్పాల్సింది వీడికి కాదు.

తాత కూతురింట్లో అడిగితే ఆ పిల్ల లేదన్నారు. బంధువులు నిండిపోయి ఉన్నారు, తాతను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. తాళ్ళ వీధి మీదుగా పదకొండు నిమిషాలు నడిచి టవర్‌కి వెళ్ళాను. ఎనభై మూడు మెట్లు. ప్రతి మెట్టు మీదా వెనక్కి తిరిగి ఇంటికి పోదామనిపించింది. ఏం చెప్పినా పాపమే. చెప్పకపోతే తండ్రి హంతకుడని నమ్ముతూ బతుకుతుంది, ఆ తండ్రి జైల్లో పోతాడు. చెబితే దాని బతుకు ఎలా ఉంటుందో నాకు ఊహకు అందలేదు.

పైన చక్రాల గదిలో, లోలకం పక్కన నేలమీద కూర్చుని ఉంది. పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంట్లో అందరూ నాన్నని శాపనార్థాలు పెడుతున్నారు పిన్నీ. ఇక్కడైతే ఎవరూ మాట్లాడరు," అంది. "తెలిసిందా?"

నేను ఆయాసం తీర్చుకుంటూ పక్కన కూర్చున్నాను.

"మీరిద్దరూ బాగానే ఉండేవాళ్ళా?"

"రెండు రోజులుగా మాటల్లేవు. నాన్న కళ్ళ గురించి నలుగురిలో అంత మాట అన్నాడని కోపం వచ్చింది నాకు. ఆయన చెప్పింది నిజమే. నాన్నకి కళ్ళు మసక. కానీ చెప్పే పద్ధతి ఒకటుంటుంది కదా. నాన్న కూడా ఊరుకోలేదు, నా గదిలో మళ్ళీ కాలు పెట్టకు అన్నాడట."

బిళ్ళ సంచిలోనే ఎందుకుండిపోయిందో తెలిసింది. మామ వద్దన్న గదిలోకి అల్లుడు అడుగుపెట్టలేదు.

"ఈ గడియారం టైము ఎప్పుడు సరిచేశావు?"

"నిన్న. ముందు ఈ టవర్ గంట రిపేరు ఒక్కటే అన్నారు. అది అయ్యాక, మొన్న పొద్దున రేవు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, టైము కూడా సరిచేసెయ్యమని. ముళ్ళు వెనక్కి తిప్పకూడదు పిన్నీ, చక్రాల పళ్ళు విరుగుతాయి. లోలకాన్ని ఆపి పట్టుకోవాలి. నాలుగూ ఐదుకి పట్టుకుని ఏడు నిమిషాలు..." చెయ్యి చాపి చూపించబోయింది. చెయ్యి గాల్లోనే ఆగింది. నా ముఖం చూస్తోంది. గడియారాలు చూసే కళ్ళు అవి, చిన్న తేడా వచ్చినా పట్టేస్తాయి.

"ఎందుకడుగుతున్నారు?"

"మీ ఆయనకు ఈ సంగతి చెప్పావా?"

"మాటల్లేవని చెప్పానుగా." నా వైపు జరిగింది. "పిన్నీ, ఎందుకడుగుతున్నారు?"

నేను నోటుపుస్తకం తీశాను. మాటలతో చెప్పే ధైర్యం లేక, సుద్ద అంకెలు ఎక్కించుకున్న పేజీ తీసి ఆమె చేతికిచ్చాను. మూడుంబావు నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళింది. నాలుగు దాటాక వేలు ఆగింది.

"ఇది ఎనిమిదే ఉంది," అంది.

"అవునమ్మా."

"ఆయన పలకకి పదిహేను తీసుకుంటాడు. ఎప్పుడూ అంతే. నేను ఎగతాళి చేసేదాన్ని, నా గడియారాల కంటే నువ్వే నయం అని." వేలు అక్కడే ఉంది. "మిగతా ఏడు..."

తల తిప్పి లోలకం వైపు చూసింది. తర్వాత తన కుడి అరచెయ్యి చూసుకుంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని ఇళ్ళకు ఎన్ని చావు కబుర్లు మోశానో లెక్కలేదు, కానీ ఇంత నీచమైన కబురు ఎప్పుడూ మోయలేదు.

తన అరచెయ్యి చూస్తూనే అంది: "నాన్నకి తెలుసా?"

"తెలుసు. నీకు తెలియకూడదనే ఒప్పేసుకున్నాడు."

లేచి నిలబడింది. పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంది. "పదకొండింటికి కదా కోర్టు? పదండి." రెండు మెట్లు దిగి ఆగి, సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఊరందరికీ ముందే నోటీసులు వెళ్ళిపోయాయని ఇందులో రాశారు పిన్నీ. రేవు మెట్ల దగ్గరా, వంతెన గేట్ల దగ్గరా అంటిస్తారని రాశారు. అందుకే ఆయనకి ఎలాగూ తెలిసే ఉంటుంది అనుకున్నాను. ముందు నేనెందుకు మాట్లాడాలి అని బిగదీసుకున్నాను."

కాగితం చదివాను. రెండు వందల నోటీసులు అచ్చువేయించి, అంటించడానికి వారం ముందే అందజేయడమైనది అని ఉంది. ఎవరికి అందజేశారో ఆ కింద ఉంది. అది చదివాక ఎనభై మూడు మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు.

పదీ నలభైకి స్టేషన్‌లో ఉన్నాం. ఇస్త్రీ ఫెయిర్ కాపీ మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని ఆపబోయాడు. కూతురు అతన్ని చూడను కూడా చూడలేదు. సరాసరి ఊచల దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నీ వాచీ చూపించు."

ముసలాయన నా వైపు చూశాడు. ఎంత బతిమాలాను, చెప్పేశావా అన్నట్టుంది ఆ చూపు. తల దించుకున్నాను.

"నాకు తెలిసిపోయింది నాన్నా. ఇంక అబద్ధం ఆడకు. నాకు ఆయనా లేడు, నువ్వూ లేకపోతే నేనెవరితో మాట్లాడాలి?"

తాత అరచెయ్యి తీశాడు. అంతసేపూ మూసి ఉంచిన గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆ చెయ్యి కూతురి వైపు చాపాడు.

"నువ్విచ్చిన దగ్గర్నుంచీ దీనికీ టవర్‌కీ ఏనాడూ పడలేదు తల్లీ. నిన్న గంట కొట్టబోతూ చూశాను. రెండూ ఒకటే చెబుతున్నాయి, నాలుగూ యాభై ఎనిమిది. నా కూతురు చేసిందని ఎంత పొంగిపోయానో. రోజూ కంటే గట్టిగా కొట్టాను గంట. ఓడ కూత పెడుతోంది, ఏం వినపడలేదు. మీట లాగాక తెలిసింది." ఊచలకు నుదురు ఆనించాడు. "నా గదిలోకి రావద్దన్నాను. రాలేదు వాడు. వచ్చి ఉంటే మేకుకి బిళ్ళ ఉండేది. అది నీ తప్పు కాదమ్మా. నాది."

"వింటున్నావా?" అన్నాను ఇస్త్రీతో. "ఇప్పుడు రాసుకో వాంగ్మూలం."

"ప్రమాదమే అయినా, అలాంటి మార్పు చేసినప్పుడు ఆ అమ్మాయి మొగుడికైనా చెప్పాల్సింది కదా," అన్నాడు ఇస్త్రీ. వాడి గొంతులో ఇంకా ధీమా ఉంది. "నిర్లక్ష్యం కింద కేసు రాయాలి మరి."

అప్పుడు చేశాను నేను పొద్దుననే చేయాల్సిన పని. బల్ల మీదున్న చిత్తు ప్రతి తీసుకున్నాను. అడుగున గంట తాత వంకర సంతకం, నొక్కిపెట్టి చేసినట్టుంది, సిరా వెనక్కి ఊరింది. కాగితం తిరగేశాను. ఆ వెనక ఏముందో చూసి దాన్ని ఆ పిల్లకి ఇవ్వకూడదనుకున్నాను. అప్పటికే నా భుజం మీంచి చూస్తోంది. నా చేతిలోంచి తీసుకుని పైకే చదివింది.

"ప్రజలకు విజ్ఞప్తి. రేవు టవర్ గడియారము ఏడు నిమిషములు వెనుకకు సవరించి సరియైన సమయమునకు మార్చబడును. ఇకపై ఎవరును ఏడు నిమిషములు తీసివేసి చూచుకొనరాదు. వంతెన పైనను, క్రిందను పనిచేయువారు ముఖ్యముగా గమనించవలెను."

కింద నిన్నటి తేదీ ఉంది. అచ్చువేసిన తేదీ ఎనిమిది రోజుల కిందటిది.

అంటించమని వారం ముందే ఈ స్టేషన్‌కి పంపిన నోటీసుల కట్ట పురికొసతో బల్ల మీదే ఉంది. ఇస్త్రీ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఏదో చిత్తు కాగితాలనుకున్నాను మేడమ్. రోజూ ఎన్నో వస్తాయి, అన్నీ చదువుతామా," అన్నాడు. నేను తిట్టలేదు. లోపలి నుంచి తాత చెయ్యి చాపి ఆ కాగితం అడిగాడు, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక వైపు తన సంతకం, రెండో వైపు అచ్చు అక్షరాలు చాలాసేపు చూశాడు.

"ఎనిమిది రోజులు," అంది ఆ పిల్ల. ఎవరితో అంటోందో నాకు తెలియలేదు. "మేం మాట్లాడుకోనిది రెండు రోజులే. అంతకు ముందు బాగానే ఉన్నాం. గేటు దగ్గర ఇది చూసి ఉంటే, ఇంటికొస్తూనే నన్ను ఏడిపించేవాడు. నీ పుణ్యమా అని ఇక రోజూ నాకు ఏడు నిమిషాల నిద్ర తక్కువ అనేవాడు."

అలా అన్నాక అప్పుడు ఏడ్చింది. తాత ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి ఆమె తల మీద వేశాడు. కానిస్టేబుల్ ఎవరూ చెప్పకుండానే తాళంచెవి తీసుకొచ్చాడు.